తిరుగు టికెట్ లేని టీచర్లు

హౌరా నుంచి బయల్దేరే ఒక లోకల్ రైలు దారిలోనే రెండు శతాబ్దాల మిషనరీ గురువుల కథలున్నాయి. వాళ్లు కట్టిన బడులు అందరికీ కనిపిస్తాయి. వాళ్లు, వాళ్లతోపాటు వాళ్లవాళ్లు చెల్లించిన మూల్యమే కనిపించదు.

హౌరా స్టేషన్‌లో బర్ధమాన్ లోకల్ కదిలిన కొద్ది నిమిషాలకే లిలువా వస్తుంది. మెయిన్ లైన్‌లో ఇదే మొదటి స్టేషన్. బయటివాళ్లు దీన్ని కూడా కోల్‌కతా అనే అంటారు గానీ, నిజానికి హుగ్లీ నదికి పడమటి ఒడ్డున హౌరాలో కలిసిపోయిన ఊరు. ఈస్టిండియన్ రైల్వే కాలం నాటి బోగీల వర్క్‌షాప్, ఇనుప సామాను పోతపోసే చిన్నాచితకా కార్ఖానాలు, ఇరుకు సందులు, వాటి మధ్య రిక్షాల రద్దీ. ఆ హడావుడిలోనే డాన్ బాస్కో స్కూల్ ఉంది. 1937లో మొదలైంది. రైల్వే ఉద్యోగుల పిల్లలు, వ్యాపారుల పిల్లలు, హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అన్న తేడా లేకుండా ఎన్నో తరాలు అక్కడ చదువుకున్నాయి.

బడి పేరులో ఉన్న బాస్కో ఏనాడూ భారతదేశం చూడలేదు. జాన్ బాస్కో (1815-1888) ఇటలీలోని ట్యూరిన్‌లో వీధుల వెంట తిరిగే పిల్లలను, జైలు నుంచి బయటపడ్డ కుర్రాళ్లను చేరదీసి చదువూ, చేతిపనీ నేర్పిన ఫాదర్. ఆయన 1859లో పెట్టిన సలేషియన్ సభ సభ్యులు 1906లో తంజావూరులో తొలిసారి దిగారు. 1922లో లూయీ మథియాస్ నాయకత్వంలో మరో బృందం షిల్లాంగ్ చేరింది. అక్కడి నుంచి అస్సాం, బెంగాల్‌లకు విస్తరించింది. 1934లో బాస్కోను రోమ్ పునీతుడిగా ప్రకటించింది. ఆ తర్వాత మూడేళ్లకు లిలువాలో ఆయన పేరిట బడి వెలిసింది.

ఇంతవరకూ ఏ మిషనరీ బడి సావనీర్‌లోనైనా దొరికే కథే. ఆ తర్వాతి అధ్యాయమే సావనీర్లలో రెండు వాక్యాలకు మించి ఉండదు. 1940 జూన్ 10న ఇటలీ రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. బ్రిటిష్ ఇండియాలో ఉన్న ఇటాలియన్లందరూ రాత్రికి రాత్రి శత్రుదేశ పౌరులైపోయారు. జర్మన్ మిషనరీలకు ఆ గతి 1939 సెప్టెంబరులోనే పట్టింది. బడులు, అనాథాశ్రమాలు నడుపుతున్న ఫాదర్లు, బ్రదర్లకు మినహాయింపు ఏమీ దొరకలేదు. ఈశాన్య, తూర్పు భారతంలో పనిచేస్తున్న సలేషియన్లలో చాలామందిని రాజ్‌పుతానాలోని దేవలీ, డెహ్రాడూన్ దగ్గరి ప్రేమ్‌నగర్ నిర్బంధ శిబిరాలకు తరలించారు. 1944లో హెన్రిక్ హారర్ అనే ఆస్ట్రియన్ పర్వతారోహకుడు తప్పించుకుని టిబెట్ చేరింది ఈ డెహ్రాడూన్ శిబిరం నుంచే. ఆయన కథ పుస్తకమై, సినిమా అయి ప్రపంచమంతా తెలిసింది. అదే ముళ్లకంచె వెనక ఏళ్ల తరబడి గడిపిన బడిపంతుళ్ల కథ వాళ్ల సభల రికార్డుల్లోనే మిగిలిపోయింది.

వాళ్ల ఇరకాటం ఊహించుకోవచ్చు. పుట్టిన దేశాన్ని తమంతట తామే వదులుకుని వచ్చారు. వచ్చిన దేశాన్ని ఏలుతున్న ప్రభుత్వం మాత్రం వాళ్లను పుట్టిన దేశం పేరు చెప్పి బంధించింది. నిన్నటి దాకా ‘ఫాదర్’ అని పిలిచిన పిల్లలకు, ఈ రోజు ఆయన ఎందుకు బడికి రాలేదో ఎవరూ సరిగ్గా చెప్పలేని పరిస్థితి.

పరాయి దేశం వెళ్లి బడి చెప్పే మిషనరీ అనగానే ఎండలు, మలేరియా, తెలియని తిండి వంటి కష్టాలే గుర్తొస్తాయి. నిజమే, అవీ ఉన్నాయి. కానీ వాళ్ల ఉత్తరాలూ జీవిత చరిత్రలూ తిరగేస్తే అంతకంటే బరువైనది మరొకటి కనిపిస్తుంది. వదిలి వచ్చిన మనుషులు, వెంట తెచ్చుకున్న మనుషులు. వాళ్ల పట్ల తీరని బాకీ. లిలువా మీదుగా వెళ్లే ఈ రైలు దారిలోనూ, నదికి అవతలి ఒడ్డునా ఆ బాకీ లెక్కలు చాలానే ఉన్నాయి.

అదే దారిలో మరో గమ్యం

లిలువా తర్వాతి స్టేషన్ బేలూర్. రామకృష్ణ మఠం ప్రధాన కేంద్రం అక్కడే ఉంది. ఇంటిని వదిలి బెంగాల్‌కు బడి చెప్పడానికి వచ్చిన వాళ్లందరూ క్రీస్తు పేరు మీదే రాలేదని గుర్తుచేసే చోటు అది. ఐర్లండ్‌లో పాస్టర్ కుటుంబంలో పుట్టిన మార్గరెట్ నోబుల్ లండన్‌లో టీచర్‌గా పనిచేసేది. వివేకానందుడి పిలుపుతో 1898 జనవరిలో కలకత్తాలో దిగింది. సోదరి నివేదితగా మారి, అదే ఏడాది నవంబరులో ఉత్తర కలకత్తాలోని బాగ్‌బజార్‌లో ఆడపిల్లల కోసం బడి తెరిచింది. 1911లో డార్జిలింగ్‌లో 43 ఏళ్లకే కన్నుమూసింది. నమ్మకం మారినా ఆమె ఎదుర్కొన్నవి మిషనరీలకు ఎదురైనవే: పరాయి భాష, మన ఇంటి ఆడపిల్లలను తెల్లదొరసాని బడికి ఎలా పంపాలన్న తల్లిదండ్రుల సంకోచం, చాలని డబ్బు, చెడిన ఆరోగ్యం.

శ్రీరాంపూర్‌లో ఒక ఇల్లాలు

రైలు బాలీ, ఉత్తర్‌పాడా, కొన్నగర్, రిష్రాలు దాటితే శ్రీరాంపూర్ వస్తుంది. పాత పుస్తకాల్లో సెరాంపూర్. ఇప్పుడది జూట్ మిల్లుల పట్టణం. ఒకప్పుడు డెన్మార్క్ రాజు ఏలుబడిలోని చిన్న వలస. ఈస్టిండియా కంపెనీ తన భూభాగంలో మిషనరీలను రానివ్వని రోజుల్లో విలియం కేరీ ఆశ్రయం పొందింది ఇక్కడే.

కేరీ (1761-1834) ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్‌లో చెప్పులు కుట్టాడు, పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పాడు, సొంతంగా లాటిన్, గ్రీకు నేర్చుకున్నాడు. 1793 నవంబరులో కలకత్తా చేరాక మరి ఇంగ్లండ్ మొహం చూడలేదు. 41 ఏళ్లు ఇక్కడే ఉండి 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లో మరణించాడు. 1801లో ఫోర్ట్ విలియం కాలేజీలో బెంగాలీ బోధకుడయ్యాడు. తర్వాత సంస్కృతం, మరాఠీ కూడా చెప్పాడు. జీతంలో తన ఖర్చుకు కొంచెం ఉంచుకుని మిగిలినదంతా మిషన్‌కే ఇచ్చేశాడు. 1818లో సహచరులు జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్‌లతో కలిసి శ్రీరాంపూర్ కాలేజీ స్థాపించాడు. 1829లో సతీసహగమనాన్ని నిషేధించిన శాసనం బెంగాలీ అనువాదం ఆయన చేతి మీదుగానే జరిగింది.

తెలుగువాళ్లకూ ఆయనతో లంకె ఉంది. 1812 మార్చి 11న శ్రీరాంపూర్ ప్రెస్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. అనేక భాషల అచ్చు అక్షరాలు, ఏళ్ల తరబడి రాసుకున్న రాతప్రతులు బూడిదయ్యాయి. శిథిలాల్లో మిగిలిన పంచ్‌లతో, కరిగిన సీసంతో మళ్లీ అక్షరాలు పోతపోసి కొద్ది నెలల్లోనే పని మొదలుపెట్టారు. తెలుగు వ్యాకరణం మీద కేరీ ఇంగ్లిషులో రాసిన పుస్తకం ఆ తర్వాత రెండేళ్లకు, 1814లో అదే ప్రెస్ నుంచి వెలువడింది. 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా అక్కడే అచ్చయింది.

ఇదంతా పాఠ్యపుస్తకాల్లోని కేరీ. ఇంట్లోని కేరీ కథ వేరు.

ఆయన భార్య డొరోతికి చదువు రాదు. 1781లో పెళ్లి రిజిస్టరులో సంతకానికి బదులు గుర్తు పెట్టింది. పుట్టిన ఊరి చుట్టుపక్కల నాలుగు పల్లెలు తప్ప ప్రపంచం తెలియని మనిషి. మగడు ఇండియా వెళ్తానన్నప్పుడు తాను రానని కరాఖండిగా చెప్పింది. అప్పటికామె నిండు గర్భిణి. కేరీ పెద్దకొడుకు ఫెలిక్స్‌ను మాత్రం వెంటబెట్టుకుని బయల్దేరాడు. అనుమతుల చిక్కు వచ్చి ఆ ఓడ ఎక్కడం కుదరలేదు. ఈలోగా ఆమెకు నాలుగో కొడుకు పుట్టాడు. మళ్లీ ఇంటికి వచ్చి బతిమాలారు. చెల్లెలు కిట్టీ తోడు వస్తేనే వస్తానంది. చెల్లెలు సరేనంది. చంటిపిల్లాడిని ఎత్తుకుని డొరోతి 1793 జూన్‌లో డెన్మార్క్ ఓడ ఎక్కింది. ఐదు నెలల ప్రయాణం.

వచ్చాక నిలువ నీడ లేదు, చేతిలో డబ్బు లేదు. కలకత్తా నుంచి సుందర్‌బన్స్ అంచుకు, అక్కడి నుంచి ఉత్తర బెంగాల్‌లోని మద్నబాటిలో నీలిమందు ఫ్యాక్టరీకి. ఇంటిల్లిపాదికీ విరేచనాలు, జ్వరాలు. తోడుగా వచ్చిన చెల్లెలు పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. 1794లో ఐదేళ్ల పీటర్ జ్వరంతో చనిపోయాడు. ఆ తర్వాత డొరోతి మనసు చెదిరింది. మగడు తనను మోసం చేస్తున్నాడన్న భ్రమలో పడింది. ఆయన వెనకాలే వీధుల్లోకి వెళ్లి అందరి ముందూ నిందించేది. కొన్నిసార్లు గదిలో పెట్టి తాళం వేయాల్సి వచ్చేది. ఆమె అరుపులు వినిపిస్తుండగానే పక్క గదిలో కేరీ అనువాదాలు సాగేవి. అలా పన్నెండేళ్లు. 1807 డిసెంబరు 8న శ్రీరాంపూర్‌లో ఆమె కన్నుమూసింది.

ఆ ఇంటి పిల్లలకు ఒక దిక్కంటూ దొరికింది జాషువా మార్ష్‌మన్ భార్య హానా వల్లే. 1800లో శ్రీరాంపూర్‌లో బోర్డింగ్ స్కూళ్లు తెరిచి, మిషన్‌కు ఆదాయం తెచ్చిపెట్టిన ఆ టీచరే కేరీ కొడుకుల మంచీచెడూ కూడా చూసింది. లోకానికి పాఠాలు చెప్పే తండ్రికి సొంత పిల్లలను దిద్దుకునే తీరిక లేకపోయిందన్న మాట ఆ రోజుల్లోనే వినిపించింది.

వందేళ్లకు పైగా కేరీ జీవిత చరిత్రల్లో డొరోతిది ఒకటే పాత్ర, మహానుభావుడి దారికి అడ్డం. చివరికి 1992లో జేమ్స్ బెక్ ఆమె జీవితం మీదే ఒక పుస్తకం రాశారు. అప్పటికి గానీ ఆమె వైపు నుంచి అడగాల్సిన ప్రశ్న గట్టిగా వినిపించలేదు. పిలుపు వచ్చింది భర్తకు. కానీ ఓడ ఎక్కింది భార్య కూడా కదా? ఆయన ఎంచుకున్న త్యాగంలో ఆమె వాటాను ఎవరు ఎంచారు?

జాగ్రెబ్ స్టేషన్‌లో వీడ్కోలు

కేరీ వెంట కుటుంబం వచ్చింది. నదికి అవతల, కలకత్తా ఎంటాలీలో బడి చెప్పిన మరో టీచర్ కుటుంబాన్ని వెనక వదిలి వచ్చింది. ప్రపంచానికి ఆమె మదర్ థెరెసాగా, మురికివాడల తల్లిగా తెలుసు. అంతకుముందు దాదాపు రెండు దశాబ్దాలు ఆమె మిషనరీ బడిపంతులమ్మ అన్న సంగతి అంతగా గుర్తుండదు.

ఆగ్నెస్ గోంజా బొయాజ్యూ 1910 ఆగస్టు 26న స్కోప్యేలో, అల్బేనియన్ కుటుంబంలో పుట్టింది. 1919లో తండ్రి చనిపోయాడు. తల్లి డ్రానా బట్టల వ్యాపారంతో ముగ్గురు పిల్లలనూ పెంచింది. బెంగాల్‌లోని మిషనరీల ఉత్తరాలు విని పెరిగిన ఆగ్నెస్, 18 ఏళ్ల వయసులో లోరెటో సభలో చేరేందుకు 1928లో ఇల్లు విడిచింది. తల్లి జాగ్రెబ్ దాకా వచ్చి రైలెక్కించింది. ఐర్లండ్‌లోని రాత్‌ఫార్నమ్ మఠంలో కొన్ని వారాలు ఇంగ్లిషు నేర్చుకుని, ఓడెక్కి 1929 జనవరి 6న కలకత్తాలో దిగింది.

తనకే కొత్తయిన ఇంగ్లిషు, దాని మీద బెంగాలీ, హిందీ. డార్జిలింగ్‌లో శిక్షణ పూర్తిచేసి 1931లో తొలి వ్రతాలు తీసుకున్నాక ఎంటాలీలోని సెయింట్ మేరీస్ స్కూల్‌లో చేరింది. అది బెంగాలీ మీడియం బడి. చరిత్ర, భూగోళం చెప్పేది. బెంగాలీ ఎంత పట్టుబడిందంటే తోటివాళ్లు ‘బెంగాలీ థెరెసా’ అని పిలిచేవారు. 1937లో తుది వ్రతాలు, 1944లో హెడ్‌మిస్ట్రెస్ హోదా. ఎత్తయిన గోడల లోపల తోట, క్రమం తప్పని గంట, ప్రేమించే పిల్లలు. ఒక టీచర్ కోరుకునేవన్నీ ఉన్నాయి.

గోడ బయట 1943లో లక్షల మందిని పొట్టనబెట్టుకున్న బెంగాల్ కరవు. 1946 ఆగస్టు 16న మొదలైన మతకల్లోలాలు. హాస్టల్‌లో వందల మంది ఆడపిల్లలకు తినడానికేమీ లేక హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా వీధిలోకి వెళ్లింది. శవాలు చూసింది. మిలటరీ లారీవాళ్లు బియ్యం ఇచ్చి వెనక్కి పంపారు. ఆ తర్వాత నెల తిరక్కముందే, సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్లే రైల్లో ఆమెకు ‘పిలుపులో పిలుపు’ వినిపించింది. మఠం వదిలి, పేదల మధ్య బతకాలి.

కలకత్తా ఆర్చ్‌బిషప్ ఫెర్డినాండ్ పెరియే వెంటనే ఒప్పుకోలేదు. రోమ్ అనుమతి రావడానికి రెండేళ్లు పట్టింది. 1948 ఆగస్టు 17న నీలం అంచు తెల్లచీర కట్టుకుని ఎంటాలీ గేటు దాటింది. స్వతంత్ర భారతానికి అప్పటికి ఏడాది నిండి రెండు రోజులు. పట్నాలో కొంతకాలం నర్సింగ్ పని నేర్చుకుని వచ్చి, ఆ డిసెంబరులో మోతీఝీల్ బస్తీలో బడి పెట్టింది. బల్లల్లేవు, బోర్డు లేదు. నేల మీద పుల్లతో అక్షరాలు దిద్దించింది.

ఆ తొలి వారాల్లో ఆమె రాసుకున్న డైరీలో వీరోచితమైన మాటలేమీ లేవు. కాళ్లనొప్పులు, ఒంటరితనం, లోరెటోలోని సుఖం రమ్మని లాగడం ఉన్నాయి. ఇల్లు వదిలినప్పటి కంటే మఠం వదలడమే కష్టమైందని తర్వాత ఆమె చెప్పుకున్నారు. మొదట వెంట వచ్చింది కూడా పాత శిష్యురాలే. 1949 మార్చిలో సుభాషిణీ దాస్ వచ్చి చేరారు. టీచర్‌గా ఆమె సంపాదించుకున్నదేమిటో ఆ ఒక్క సంగతి చెబుతుంది.

అయితే జాగ్రెబ్ స్టేషన్ బాకీ అలాగే ఉండిపోయింది. డ్రానా, పెద్దకూతురు ఆగా అల్బేనియా రాజధాని టిరానాకు మారారు. యుద్ధం తర్వాత ఎన్వర్ హోజా కమ్యూనిస్టు ప్రభుత్వం సరిహద్దులు మూసేసింది. కన్నుమూసేలోగా కూతురిని ఒక్కసారి చూడాలని తల్లి కోరిక. ప్రపంచ నేతలతో మాట్లాడగలిగిన మదర్ థెరెసా ఎన్ని విధాల ప్రయత్నించినా తల్లికి దేశం దాటే అనుమతి సంపాదించలేకపోయారు. 1972 జులైలో డ్రానా టిరానాలోనే మరణించింది. 1928 తర్వాత తల్లీకూతుళ్లు మళ్లీ కలవలేదు. ఆమె అల్బేనియాలో అడుగుపెట్టింది 1989లో. అప్పటికి చూడటానికి మిగిలినవి సమాధులే.

మరో బాధ ఇంకా లోతున ఉంది. 2007లో వెలువడిన ఆమె ఉత్తరాలు చాలామందిని నివ్వెరపరిచాయి. సొంత సభ మొదలైన నాటి నుంచీ దాదాపు చివరి దాకా ప్రార్థనలో తనకు దేవుడి జాడే తెలియడం లేదని, లోపలంతా చీకటేనని ఆమె గురువులకు రాసుకున్నారు. ఆ ఉత్తరాలు తగలబెట్టమని కోరారు కూడా. ఆమె సేవాకేంద్రాల్లో వైద్యం తీరు మీద క్రిస్టఫర్ హిచెన్స్ మొదలు పలువురు చేసిన విమర్శలు వేరే చర్చ. 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించిన తర్వాతా అవి ఆగలేదు. కానీ రోజూ తెల్లవారుజామునే లేచి పనిలోకి వెళ్తూ, ఎవరి కోసం వచ్చిందో ఆయనే మౌనంగా ఉన్నాడని నలభై ఏళ్లకు పైగా మోసుకు తిరగడం ఎలాంటిదో ఆ ఉత్తరాలు చదివితే తెలుస్తుంది.

పాఠమా, మతమా?

మిషనరీ టీచర్‌ను వెంటాడే ఇంకో కష్టం తరగతి గదిలోనే ఉంటుంది. తల్లిదండ్రులకు కావలసింది చదువు. టీచర్ వచ్చింది విశ్వాసం చాటడానికి. ఈ రెండిటి మధ్య దూరం ఏదో ఒక రోజు బయటపడక తప్పదు. అందుకు తెలుగునాట దొరికే స్పష్టమైన ఉదాహరణ మచిలీపట్నం.

చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరు చేరారు. భార్యను పోగొట్టుకుని, ఆరోగ్యం చెడిన ఫాక్స్ ఇంగ్లండ్ వెళ్లి 1848లో చనిపోయారు. నోబుల్ పెళ్లే చేసుకోలేదు. 1843 నవంబరు 21న ఇద్దరు పిల్లలతో ఇంగ్లిషు బడి తెరిచారు. అగ్రవర్ణాల పిల్లలకే చోటిచ్చారన్న విమర్శ మూటగట్టుకున్నా, ఏడాదికేడాది బడి పెరిగింది. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు భగ్గుమంది. బంధువులు నోబుల్ ఇంటి ముందు గుమిగూడారు. రాత్రికి రాత్రి బడి ఖాళీ అయింది. తొమ్మిదేళ్లుగా ఒక్కొక్కరినీ కూడగట్టిన టీచర్ ఖాళీ బెంచీల ముందు మిగిలారు. ఒక పక్క తాను సముద్రాలు దాటి వచ్చింది ఈ ఫలితం కోసమే. మరోపక్క పిల్లలను పోగొట్టుకున్నామని ఏడ్చే తల్లులు. వాళ్ల దుఃఖం కూడా నిజమే. పిల్లలు మెల్లమెల్లగా తిరిగొచ్చారు. 1864 నవంబరు 1న సుమారు 30 వేల మందిని బలిగొన్న తుపాను ఉప్పెనను కూడా చూసిన నోబుల్, మరుసటి ఏడాది అక్టోబరు 17న బందరులోనే కన్నుమూశారు. 24 ఏళ్లలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లలేదు. ఆయన పేరు నోబుల్ కాలేజీగా నిలిచింది.

నోబుల్ నాటి అనుమానం స్వాతంత్ర్యం తర్వాత చట్టాల్లోకీ, వీసా నిబంధనల్లోకీ ఎక్కింది. మిషనరీల కార్యకలాపాలపై మధ్యప్రదేశ్ ప్రభుత్వం వేసిన నియోగి కమిటీ 1956లో తీవ్రమైన నివేదిక ఇచ్చింది. విదేశీ మిషనరీల రాక క్రమంగా తగ్గింది. ఇప్పుడు మిషనరీలకు ప్రత్యేక వీసా తప్పనిసరి. టూరిస్టు వీసా మీద వచ్చి ప్రచారం చేయడం నేరం. అనుమానం ద్వేషంగా మారితే ఏమవుతుందో 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్ చూపించింది. కుష్ఠురోగుల మధ్య పనిచేస్తున్న ఆస్ట్రేలియన్ గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్, ఆరేళ్ల తిమోతిలతో సహా వాహనంలోనే సజీవదహనం చేశారు. హంతకులను క్షమిస్తున్నానన్న భార్య గ్లాడిస్ 2004 దాకా ఇక్కడే ఉండి పని కొనసాగించారు.

పిల్‌ఖానా పాఠం

లిలువా నుంచి హౌరా వైపు తిరిగి వస్తే పిల్‌ఖానా బస్తీ. డొమినిక్ లాపియెర్ 1985లో రాసిన ‘సిటీ ఆఫ్ జాయ్’తో ప్రపంచానికి తెలిసిన చోటు. ఫ్రెంచి ఫాదర్ ఫ్రాన్స్వా లబోర్డ్ 1965లో ఇండియా వచ్చి ఈ బస్తీలోనే మకాం పెట్టారు. 1976లో హౌరా సౌత్ పాయింట్ అనే సంస్థ మొదలుపెట్టారు. వికలాంగ పిల్లలకు ఇళ్లు, పేద పిల్లలకు బడులు దాని పని. 2020 డిసెంబరు 25న, తొంభై దాటిన వయసులో కోల్‌కతాలో కన్నుమూశారు. యాభై అయిదేళ్లు. ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. స్థానికులను సిబ్బందిగా తీసుకుని, వాళ్ల చేతుల మీదుగానే సంస్థను నడిపించారు. అందుకే ఫాదర్ పోయినా బడి గంట ఆగలేదు.

నిజానికి ఈ గురువులందరి జయాపజయాలను అక్కడే కొలవాలేమో. లిలువా డాన్ బాస్కోలో ఇప్పుడు ఫాదర్లూ, టీచర్లూ భారతీయులే. ఎంటాలీలోనూ అంతే. శ్రీరాంపూర్ కాలేజీలో కేరీ వారసులు బెంగాలీలు, ఈశాన్య రాష్ట్రాలవాళ్లు, దక్షిణాదివాళ్లు. బయటి నుంచి వచ్చిన టీచర్ తన అవసరం లేకుండా చేసుకోగలిగితే పని పూర్తయినట్టే. అయితే అలా అవసరం తీరిన చోట ఆ మనిషికి మిగిలే ఇల్లేది? వచ్చిన దేశానికి అతడు అతిథి. పుట్టిన దేశానికి ఏనాడో పరాయివాడు. ఈ ప్రశ్నకు ఏ మిషన్ సొసైటీ నియమావళిలోనూ జవాబు లేదు.

ప్రయాణం ఇప్పుడు దిశ మార్చుకుంది. గుంటూరు, కడప, కర్నూలు, వరంగల్ ప్రాంతాల నుంచి తెలుగు ఫాదర్లు, సిస్టర్లు జర్మనీకి, ఇటలీకి, అమెరికాకు, ఆఫ్రికా దేశాలకు వెళ్తున్నారు. ఒకప్పుడు టీచర్లను పంపిన యూరప్‌లో ఇవాళ చర్చిలు నడపడానికి స్థానికులు చాలడం లేదు. వెళ్లినవాళ్ల ముందున్నవి పాత పరీక్షలే. కొత్త భాష, ఎముకలు కొరికే చలి, రంగును బట్టి మారే చూపులు, ఆదివారం ప్రసంగంలో ఉచ్చారణకు నవ్వుకునే పిల్లలు. ఊళ్లో అమ్మకు జబ్బు చేసిందంటే సెలవు, టికెట్, వీసా అన్నీ కుదిరేసరికి ఆలస్యమైపోతుందేమోనన్న భయం.

ఒక్క తేడా ఉంది. డ్రానాకు కూతురి మొహం 44 ఏళ్లు కనిపించలేదు. ఇప్పటి తల్లికి రాత్రి భోజనాలయ్యాక వీడియో కాల్‌లో కనిపిస్తుంది. డొరోతిని రమ్మని బతిమాలినవాళ్లున్నారు గానీ, ఆమెకేం కావాలని అడిగినవాళ్లు లేరు. ఇప్పుడైనా ప్రయాణం కట్టే ముందు ఇంట్లోవాళ్లను ఆ మాట అడిగితే, రెండు శతాబ్దాల పాఠం కొంతైనా ఒంటబట్టినట్టు.

సాయంత్రం లిలువా ప్లాట్‌ఫాం మీద స్కూలు పిల్లలు హౌరా లోకల్ కోసం తోసుకుంటుంటారు. భుజాన సంచులు, చొక్కా జేబు మీద డాన్ బాస్కో బ్యాడ్జి. ట్యూరిన్ ఎక్కడుందో వాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు. బండి వస్తుంది, ఎక్కుతారు. చీకటి పడేలోగా ఇంటికి చేరతారు. వాళ్ల బడి కట్టిన మొదటి టీచర్లకు ఆ సౌకర్యం ఉండేది కాదు.